కట్టలో లేని ముక్క

మొన్న ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే నా అదృష్టం బాగుండి కూర్చోవడానికి చోటు దొరికింది. పక్కన కూర్చున్న కాలేజీ పిల్ల ఫోన్లో ఏదో చూస్తోంది. పక్కవాళ్ళ ఫోన్లోకి తొంగిచూడకూడదని నాకూ తెలుసు కానీ, నలభై ఐదు దాటాక ఆ మర్యాద పాటించే ఓపిక పోయింది. ఫోన్లో ఒకావిడ గాజులు పైకి తోసుకుంటూ పేకముక్కల్లాంటి టారో ముక్కలు పరిచి, చిలక జోస్యం చెప్పేవాళ్ళకన్నా గడగడా ఎవరెవరి భవిష్యత్తో చెప్పేస్తోంది. నాలుగో ముక్క తిప్పింది. నల్లటి ఆకాశం కింద బోర్లా పడి ఉన్న మనిషి, వీపు పొడుగునా దిగిన పది కత్తులు. "భయపడకండి, ఇది బాధాకరమైన ముగింపు మాత్రమే" అంది. ఆ 'మాత్రమే' నాకు గుచ్చుకుంది. ఆ పిల్ల వేలితో దాన్ని పైకి తోసేసింది, గుత్తివంకాయ కూర వచ్చింది. బండి హబ్సిగూడ దాటి తార్నాక వైపు పోతున్నా నేను మాత్రం నాచారంలోనే ఉండిపోయాను.

రెండువేల సంవత్సరం దాటిన ఆ మొదటి ఏళ్ళలో నేనూ మా పిన్నీ నాచారంలో ఒక మేడ మీది రెండు గదుల్లో అద్దెకుండేవాళ్ళం. పైన రేకులు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ గదుల్లో అప్పడాలు కాల్చుకోవచ్చని పిన్ని అంటుండేది. పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే లేచి వెళ్ళి గిన్నెలు తోముకునే మనిషి. ఆ వీధిలోనే ఒక చిన్న ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పేది. నేను ఉప్పల్ చౌరస్తా దగ్గర ఒక ఆఫీసులో టైపు కొట్టేదాన్ని. కింద వాటాలో ఇంటి ఓనరమ్మ, ఆమె కొడుకు. కొడుకుది చర్లపల్లిలో ఉద్యోగం. ఆమెని నేను అత్తా అనేదాన్ని, ఆమె నన్ను బిడ్డా అనేది, పిన్నిని టీచరమ్మా అనేది. సొంత ఇల్లున్నా ఖాళీగా కూర్చోవడం చేతకాక, మందుల కంపెనీలో ప్యాకింగ్‌కి పోయేది. మందు డబ్బాల్లో మడిచి పెట్టే కాగితాలుంటాయే, మనం చదవకుండా పారేసేవి, వాటి కట్టలు ఆమె చేతి మీదుగా పోయేవి. లెక్కపెట్టేది కాదు. అంచుల మీద బొటనవేలు పెట్టి సర్రున ఒకసారి తిప్పి, వందకి ఒకటి తక్కువుందని పక్కన పడేసేదట. మేం నమ్మకపోతే పిన్ని దిద్దుతున్న పరీక్ష కాగితాల మీద చేసి చూపించింది. ముప్ఫై ఏడు అంది, ముప్ఫై ఏడే. ఆ రోజునించి పిన్ని ఆమెని వదినగారూ అని కాస్త భయంగా పిలిచేది.

టారో కట్ట పిన్నికి ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య దొరికింది. దానితో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని పాఠం చదివినట్టు చదివి, మొత్తం డెబ్బయి ఎనిమిది ముక్కలని వచ్చినవాళ్ళందరికీ ముందే చెప్పి, ఆదివారం మధ్యాహ్నాలు వీధిలో ఆడవాళ్ళకి జోస్యం చెప్పడం మొదలుపెట్టింది. ఊరికే. ఎవరైనా పెరటి కాకరకాయలు తెస్తే మాత్రం కాదనేది కాదు. ఒకసారి పక్కింటి కోడలికి ఈ కత్తుల ముక్క పడింది. పిన్ని పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆ పిల్ల రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు పిన్ని ఆ ముక్కని తీసి అలమరలో పరిచిన పేపరు కింద పెట్టేసింది. నేను చూస్తూనే ఉన్నాను. బియ్యం అయిపోతే నిండుకున్నాయని, దీపం ఆరిపోతే కొండెక్కిందని అనే ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. ముక్క దాచడం ఆమెకి అబద్ధంలా అనిపించలేదు, ఆచారంలా అనిపించింది. నాకూ అంతే. ఆ తరవాత మా గదిలో ఎవరికీ చెడ్డ జోస్యం పడలేదు, జనం కూడా ఎక్కువయ్యారు.

ఒక ఆదివారం పొద్దున అత్త నన్ను కింది గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. నా చెయ్యి తీసుకుని రవికె మీదినించి ఎడమ రొమ్ము పక్కన ఆనించింది. లోపల రేగిపండంత గడ్డ గట్టిగా తగిలింది. నొప్పి లేదంది. కొడుక్కి గానీ టీచరమ్మకి గానీ చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకుంది. దవాఖానకి పోవాలంటావా అని అడిగింది. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. అది ఏమై ఉంటుందో నాకు తెలియకపోలేదు, దాని పేరు నోటితో అనడానికి భయమేసింది. పిన్ని చేత ముక్కలు వేయించుకో అత్తా అన్నాను. అంత తెలివితక్కువ మాట నా జన్మలో మళ్ళీ అనలేదు.

ఆ మధ్యాహ్నం ఆమె వచ్చి కూర్చుంది. అడిగేవాళ్ళే కట్టని కలిపి ఇవ్వాలని పద్ధతి. కలిపే ముందు ఆమె అంచుల మీద బొటనవేలు ఒకసారి సర్రున తిప్పి, కాసేపు కట్టని అరచేతిలో అలాగే పట్టుకుంది. దణ్ణం పెట్టుకుంటోందనుకున్నాం. తల ఎత్తి నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. సూర్యుడి బొమ్మ పడింది, పూల తోట పడింది. అంతా మంచిగైతదంటున్నయి అని పిన్ని ఆమె యాసలోనే చెప్పి మురిసిపోయింది. అత్త కూడా నవ్వింది. గడ్డ సంగతీ, దాచిన ముక్క సంగతీ రెండూ తెలిసినదాన్ని ఆ గదిలో నేనొక్కదాన్నే అనుకున్నాను. అయినా మెదలకుండా ఊరుకున్నాను. ఎనిమిది నెలలు ఊరుకున్నాను. మెట్ల మీద ఎదురైనప్పుడల్లా ఆమె ఒక్క క్షణం ఆగేది, నేను ఆఫీసుకి టైమైందని దిగిపోయేదాన్ని.

చలికాలం వచ్చేసరికి ఎడమ చెయ్యి వాచి గాజులు పట్టలేదు. అప్పుడు కొడుక్కి తెలిసి దవాఖానకి తీసుకెళ్ళాడు. ముందే రావాల్సిందన్నారు. దవాఖానల్లో ఆ మాట ఎంత మామూలుగా అంటారో విన్నవాళ్ళకే తెలుసు. సంక్రాంతి దాటాక ఇంక చేసేదేం లేదని ఇంటికి పంపేశారు. వరండాలో మంచం వేశారు. ఒక మధ్యాహ్నం మేం దగ్గర కూర్చుని ఉంటే ముక్కలు తెమ్మంది. పిన్ని పరుగున వెళ్ళి కట్ట తెచ్చింది.

"అన్ని తెచ్చినవా టీచరమ్మా? ఆ ఒక్కటి గూడ?"

పిన్ని మొహం తెల్లబోయింది. మళ్ళీ మెట్లెక్కి, పేపరు కింది ముక్క తీసి తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. అత్త దాన్ని వెలుతురుకి పట్టి చాలాసేపు చూసింది.

"పది కత్తులా? పాపం, ఒక్కటి సాలకపాయెనా." ఆమె నవ్వింది. మాకు నవ్వు రాలేదు.

ఎప్పుడు తెలిసిందని నేనే అడిగాను. సూర్యుడు పడిన రోజే తెలిసిందట.

"వందల ఒకటి తక్కువైతే పట్టిన చేతులు బిడ్డా, గిది తెల్వదా? దాసిన్రంటే అది నాకే పడేటిదని సమజైంది. సూడాలంటే నాకు గూడ భయమే. గందుకే ఊకున్న." కాసేపు ఊపిరి తీసుకుని, నా చెయ్యి పట్టుకుని మెల్లగా అంది. "నువ్వన్నా 'నడువు అత్తా, దవాఖానకు పోదాం' అంటవేమో అని సూసిన."

అందులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది, ఏడ్చి కాళ్ళు పట్టుకునేదాన్ని. గడ్డ సంగతి నాకు ముందే తెలుసని పిన్నికి అప్పుడుగానీ అర్థం కాలేదు. నన్ను ఆ రోజూ ఏమీ అనలేదు, తరవాతా అనలేదు.

ఉగాది రాకముందే అత్త పోయింది. ఆ ముక్క ఆమె దిండు కింద ఉండి, పక్కబట్టలతో పాటు వెళ్ళిపోయింది. పిన్ని మళ్ళీ ఎవరికీ జోస్యం చెప్పలేదు. రాష్ట్రం వచ్చిన ఏడాది మేం పీర్జాదిగూడ ఫ్లాటుకి మారుతుంటే కట్టని నా చేతికిచ్చి నీ ఇష్టం అంది. పారెయ్యలేకపోయాను. మొన్న మెట్రోలో ఆ ముక్క చూసిన రోజు సాయంత్రం ఇంటికి తిరిగొచ్చి దాన్ని తీశాను. అంచుల మీద బొటనవేలు పెట్టి తిప్పాను. నాకేం తెలియలేదు. ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాను, డెబ్బయి ఏడు. కాలం గడిచిపోతుందంటారు, చాలా వరకు నిజమే. ఆ ఎనిమిది నెలలు మాత్రం గడవలేదు. నాతో పాటే వయసు పెంచుకుంటూ, ఇప్పటికీ మెట్ల మీద ఒక్క క్షణం ఆగి నా వైపు చూస్తుంటాయి.