వెనక నుంచి పిలుపు

చేపల వేటకు వెళ్లే మగవాణ్ణి వెనక నుంచి పిలవకూడదని బందరు దగ్గరి ఆ పల్లెలో చంటిపిల్లలకు కూడా తెలుసు. డెబ్బై ఆరులో పేరమ్మ ఒకసారి పిలిచింది. మొగుడు పోలరాజు చద్దన్నం గిన్నె మరిచిపోయాడు మరి. సాయంత్రం అతను వల నిండా చేపలతో తిరిగొచ్చాడు. అంతటితో అయిపోవాలి. భయానికి అంత బుద్ధి ఎక్కడిది? అప్పటి నుంచి అతను పడవెక్కితే చాలు, ఆమె నోట్లో కొంగు కుక్కుకుని, తిరిగొచ్చేదాకా ఒడ్డునే కూర్చునేది.

ఒకరోజు పోలరాజు నవ్వాడు. "ఏడాదైందే పిచ్చిదానా! నాకేమన్నా అయ్యిందా?"

"ఇంకా కాలేదు మావా," అంది పేరమ్మ.

అతని నవ్వు ఆగిపోయింది. మర్నాటి నుంచి చెవులు మూసుకుపోయేలా తలపాగా బిగించి కట్టుకుని, పడవ దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్లేవాడు.