బోటు తప్పింది నా వల్లేనట

పసుపు ఉడకబెట్టే పనులు తీరాక, ఆర్మూర్ నుంచి మేం పాపికొండల బోటు యాత్రకు వెళ్లాం. నేను యాభై దాటాక వయోజన తరగతిలో చదవడం నేర్చుకున్న కొత్త అది. కనిపించిన ప్రతి బోర్డునూ కూడబలుక్కుంటూ చదివాను.

కొండల నడుమ గుడి దగ్గర బోటు ఆగింది. రేవులో బోర్డు మీద 'బోటు రెండు గంటలకు బయలుదేరును' అని ఉంది. మా మరిదికి చెప్పాను.

"వదినా, నిన్నగాక మొన్న బలపం పట్టినవ్. బోట్ల ఎవరో మూడింటికని అన్నరు. జర ఊకో," అని నవ్వాడు.

"వాడు డిగ్రీ చదివిండే," అన్నాడు మా ఆయన.

తప్పు చదివానేమోనని నాకే అనుమానం వచ్చింది. మళ్లీ వెళ్లి చూడలేదు.

మేం గుడి చూసి తిరిగి రేవుకు వచ్చేసరికి బోటు దూరాన మలుపు తిరుగుతోంది. అన్నం డబ్బాలు అందులోనే ఉన్నాయి. పొద్దున షుగరు మాత్ర వేసుకున్న మా ఆయన, తిండి లేక చెమటలు పట్టి ఇసుకలో కూలబడ్డాడు. అక్కడ కొట్టు నడిపే ఆమె బెల్లం నీళ్లు తాగించాక గానీ తేరుకోలేదు.

అప్పుడు మరిది, "సదువొచ్చినదానివి, గట్టిగ చెప్పొద్దా వదినా?" అన్నాడు. మా ఆయన తలూపాడు.

యాత్రలకు వెళ్లే అక్కచెల్లెళ్లారా, తిండీ మందులూ మీ చేతి సంచిలోనే పెట్టుకోండి. బోటు దిగగానే బయలుదేరే సమయం మీరే చదవండి. నవ్విన వాళ్లను ఆ బోర్డు దగ్గరికి లాక్కెళ్లండి. నేను లాక్కెళ్లలేదు. బోటు తప్పింది నా వల్లేనని మా ఇంట్లో ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతారు.