బుల్లి పడుకునే పక్క

నేను నర్సుని. చూసింది చూసినట్టు చార్టులో రాయడం నా పని. ఉద్యోగం మొత్తంలో ఒక్క అబద్ధం రాశాను. ఆ రాత్రి జరిగింది నిజం కాబట్టే అది రాయాల్సి వచ్చింది.

డెబ్బైల్లో సంగతి. పటమటలో ఒక ఇంట్లో మామ్మగారికి పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. పడుకుని పడుకుని ఎడమ తుంటి మీద పుండు పడింది. రాత్రి డ్యూటీ నాది. కాసేపు వెల్లకిలా, కాసేపు కుడివైపు... రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలి.

ఆవిడకో తెల్లపిల్లి, బుల్లి. ఎప్పుడూ ఆవిడ కుడి పక్కన ఒంటికి ఆనుకుని పడుకునేది. అది పక్కనుంటేనే ఆవిడ జావకి నోరు తెరిచేది.

ఒకరోజు పుండు కట్టులో పిల్లి వెంట్రుక కనిపించింది.

"చీము పడుతుందండీ. పిల్లిని గదిలోకి రానివ్వకండి" అన్నాను ఆవిడ కొడుకుతో. గదిలోకి అన్నాను. అంతే అన్నాను.

మర్నాడు బుల్లి లేదు.

"గోనెసంచిలో కట్టి, స్కూటరు మీద తీసికెళ్లి ఇబ్రహీంపట్నం అవతల వదిలేసొచ్చానండి. దారి తెలీకుండా సంచి మూడుసార్లు గిరగిరా తిప్పాను కూడాను" అన్నాడు నవ్వుతూ. తల్లి మంచం పక్కనే నిలబడి.

"తలుపు మూస్తే సరిపోయేది కదండీ!"

"వద్దంది మీరేగా సిస్టర్‌గారూ? ఇప్పుడు దానిక్కూడా ఓ నర్సుని పెట్టమంటారా ఏంటి?"

నా ఒళ్లు మండిపోయింది. ఆవిడకి పోయింది మాట, చెవులు కాదు. ఆ పూట నుంచి పళ్లు బిగించింది. మూడు రోజులు చెంచా లోపలికి పోలేదు. దూదితో పెదవులు తడపడమే.

మూడో రాత్రి. కరెంటు పోయింది. దోమతెర చుట్టూ పరుపు కిందికి నేనే దోపాను. తలుపు గడియ నేనే పెట్టాను. రెండింటికి ఆవిడని కుడివైపు ఒత్తిగిలించాలని లేచాను.

గుర్... గుర్...

ఆవిడ గురక అనుకున్నాను. లాంతరు ఎత్తాను. ఆవిడ కళ్లు తెరిచే ఉన్నాయి.

కుడి చెయ్యి... నాలుగు నెలలుగా నేను ఎత్తితే లేచి, వదిలితే పడే చెయ్యి... కదులుతోంది. నెమ్మదిగా. ముందుకి... వెనక్కి... నిమురుతున్నట్టు.

దోమతెర దోపింది దోపినట్టే ఉంది. ఒక అంచు లాగి చెయ్యి లోపల పెట్టాను. దుప్పటి మీద గుండ్రంగా చిన్న గుంట. వెచ్చగా ఉంది.

చప్పుడు ఆగింది. చెయ్యి ఆగింది. ఆవిడ నన్ను చూసి నోరు తెరిచింది.

జావ పట్టాను. ఏడు చెంచాలు తాగింది. తెల్లవారకముందే పోయింది.

"బుల్లి వచ్చిందండీ రాత్రి" అన్నాను కొడుకుతో.

ఆయన మొహం పాలిపోయింది. "ఎలా వస్తుందండీ... దారిలో కాఫీకి ఆగాను. సంచి ఎండలో ఉండిపోయింది. విప్పేసరికే చచ్చిపోయుంది. అమ్మ ముందు చెప్పలేక..."

చెంప పగలగొట్టాలనిపించింది. ఎదురుగా శవం ఉందని ఊరుకున్నాను. ఆయన మీద కోపం ఇంకా తగ్గలేదు. నా మీద అసలు తగ్గలేదు.

అదేమిటో నాకు తెలీదు. ఆకలికి ఆవిడ మనసు చేసిన పనేమో. నాదేమో. మరి ఆ వెచ్చదనం?

చార్టులో రెండు గంటల దగ్గర 'కుడివైపు ఒత్తిగిలించాను' అని రాసి ఉంటుంది. ఒత్తిగిలించలేదు. అటు పక్క ఖాళీ లేదనిపించింది.