జువేనా ఇంట్లో దుబాసీ

మ్వానహావా తెల్లవాళ్ళకు స్వాహిలి నేర్పుతుంది. ఓడరేవు వెనక సందులో, మా మేడ కింద అరుగే ఆమె బడి. ముందు మాట చెబుతుంది, ఇంగ్లీషులో అర్థం చెబుతుంది, ఆ తర్వాత దాన్ని బజారులో ఎవరితో ఎలా అనాలో చేసి చూపిస్తుంది. చేపలమ్మేవాడితో ఒక గొంతు, మసీదు నుంచి వచ్చే ముసలాయనతో ఇంకో గొంతు. పై కిటికీలోంచి విని మేము నవ్వుకునేవాళ్ళం.

అందరికీ మొదట నేర్పే మాట ‘హోది’. గుమ్మం బయట నిలబడి, లోపలికి రావచ్చా అని అడగడం. లోపలివాళ్ళు ‘కరిబు’ అంటే వెళ్ళాలి. మూడుసార్లు పిలిచినా పలక్కపోతే, ఇంట్లో మనుషులున్నారని తెలిసినా వెనక్కి వచ్చెయ్యాలి. ఇంకా నిలబడితే దొంగల కింద జమకడతారు.

మ్వానహావాకు భర్త విడాకులిచ్చి మస్కట్ వెళ్ళిపోయాక, పాకే వయసు కూతురు జువేనాను అత్తగారు బీ నునూ తన దగ్గరే ఉంచేసుకుంది. ప్రతి శుక్రవారం మ్వానహావా ఆ తలుపు ముందు నిలబడి పిలిచేది. లోపల కొబ్బరి కోరే చప్పుడు ఆగేది. మూడో పిలుపు అయిపోయాక మళ్ళీ మొదలయ్యేది. పిల్లను ఒక్కసారి చూడాలన్న ఆశతో ఆమె నాలుగేళ్ళు ఆ చప్పుడు విని తిరిగొచ్చింది.

అప్పుడు అనెకె అనే హాలండు అమ్మాయి చదువుకు చేరింది. ఇళ్ళలో మనుషులతో మాట్లాడాలని ఉందంది. పరాయిదేశపు అతిథిని గుమ్మంలో నిలబెట్టిన ఇల్లు మా ఊళ్ళో తలెత్తుకోలేదు. మ్వానహావా ఆ శుక్రవారం అనెకె చేత పిలిపించింది. మొదటి పిలుపుకే ‘కరిబు’ వినిపించింది. అనెకె వెనకే దుబాసీగా ఆమె గడప దాటింది.

బీ నునూ ఆమెను తేరిపార చూసింది. అతిథి ఎదుట గొంతు పెంచలేదు.

“దొరసానిని కుర్చీలో కూర్చోమను. నువ్వు కింద కూర్చో. మాటలు వినపడితే చాలు కదా నీకు.”

హల్వా పళ్ళెం పట్టుకొచ్చింది జువేనానే. అతిథికి వంగి ‘షికమూ’ అంది. పెద్దలకు పిల్లలు పెట్టే దండం అది. తర్వాత మ్వానహావా వైపు తిరిగి అలాగే అంది. దానికి బదులు ‘మరహబా’ అనాలి. రోజూ అరుగు మీద అందరిచేత అనిపించే మాటే. ఆమెకు నోరు పెగల్లేదు.

“దుబాసీకే మాట మరుపొచ్చిందే!” అని నవ్వింది ముసలామె. “పోన్లేవే పిల్లా. దండాలు పెట్టించుకునే అలవాటు లేదు పాపం ఆవిడకి.”

అనెకె పిల్ల గడ్డం పట్టుకుని ఇంగ్లీషులో ఏదో అడిగింది.

“ఏమంటోంది?” అంది బీ నునూ.

“పాప వాళ్ళమ్మ ఎక్కడుందని అడుగుతోంది.”

“చచ్చిపోయిందని చెప్పు. ఇది పాకేటప్పుడే పోయిందని చెప్పు. చెప్పవేం? ఆ మాటకి ఇంగ్లీషు తెలీదా? తెలీకపోతే లే, తెలిసినవాళ్ళని పిలిపించుకుంటా.”

జువేనా మ్వానహావా మోకాలి పక్కనే నిలబడి వేళ్ళకంటిన హల్వా నాకుతోంది. లేస్తే ఆ తలుపు ఇక తెరుచుకోదు. ఈ పిల్ల తల్లి చనిపోయిందని మ్వానహావా ఇంగ్లీషులో చెప్పింది. అనెకె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిల్లను దగ్గరికి తీసుకుంది. దుబాసీ చేతులు ఒళ్ళోనే ఉండిపోయాయి.

“మంచి పిల్ల,” అంది బీ నునూ. “వచ్చే శుక్రవారం కూడా రమ్మను. నువ్వూ రా. నీ ఇంగ్లీషు బాగుంది.”

వెళ్ళింది. వెళ్ళినప్పుడల్లా ముసలామె ఆ చావుకు ఇంకో ముక్క అతికించేది. జ్వరమొచ్చి పోయిందనేది. ఆఖరి ఘడియలో కన్నపిల్లను చూడనని మొహం తిప్పుకుందనేది. మ్వానహావా అన్నీ ఇంగ్లీషు చేసింది. ఒకసారి పిల్ల ఆమె కప్పుకున్న ఖంగా అంచు పట్టుకుని ఆడుకుందట. ఆ రోజు నాతో చెప్పింది.

“నువ్వే తల్లివని అనెకెకి చెప్పెయ్యరాదూ?” అన్నాను.

“చెబితే అనెకె అక్కడే అరిచి గోల చేస్తుంది. ఇద్దర్నీ బయటికి గెంటుతారు. ఆ తర్వాత నేనేం చూడను?”

మా చంటిదాన్ని నేను ఎత్తుకునే ఉన్నాను. దాని వైపు ఆమె చూడలేదు.

అప్పటినుంచి పాఠాలు సాగదీసింది. నీకింకా క్రియలు రాలేదని అనెకెను నెలల తరబడి ఒకే చోట తిప్పింది. కానీ అనెకె చురుకైనది. పడవలవాళ్ళ దగ్గర, కూరగాయల బజారులో తనే మాటలు ఏరుకుంది. ఒక శుక్రవారం బీ నునూ అడిగినదానికి, దుబాసీ నోరు తెరిచేలోపే గడగడా బదులు చెప్పేసింది.

ముసలామె చప్పట్లు కొట్టింది. “శభాష్! ఎవరమ్మా ఇంత బాగా నేర్పింది?”

అనెకె గర్వంగా మ్వానహావాను చూపించింది.

“మరింక ఈవిణ్ణి ఎండలో తిప్పడం దేనికి? ఈసారి నువ్వొక్కదానివే వచ్చెయ్యి. నీ ఇల్లే అనుకో.”

తర్వాతి శుక్రవారం సాయంత్రం అనెకె పరుగున అరుగు దగ్గరికి వచ్చింది.

“టీచరమ్మా, జువేనాకి పన్ను ఊడింది! నోరు తెరిచి నాకు చూపించింది. పన్ను ఊడటాన్ని ఏమంటారు?”

“ఏ పన్ను?” అంది మ్వానహావా.

“కింది వరసలో, మధ్యది.”

“ఙోక.”

“ఙ్... గోక.”

“గో కాదు. ముక్కులోంచి రావాలి. ఙోక. నవ్వితే కనిపిస్తోందా?”

“నవ్వినప్పుడే బాగా కనిపిస్తోంది.”

“మళ్ళీ అను,” అంది మ్వానహావా.

అనెకెకు సరిగ్గా వచ్చేదాకా అనిపిస్తూనే ఉంది.