ఇద్దరికీ ఒకటే తారీఖు

మా ఇద్దరినీ బాపు ఒకే రోజు బడిలో వేశాడు. నాకప్పటికి ఏడేళ్లు, చెల్లెకు ఐదు. నిజానికి నన్ను అంతకు ముందే వేయాల్సింది. కానీ బడికి పోవాలంటే బొంబాయి రోడ్డు దాటాలి. లారీలు తిరిగే రోడ్డు, ఒక్కదాన్ని పంపడమెందుకు, చిన్నది కూడా కాస్త ఎదిగాక జంటగా పంపుదామని ఇంట్లో ఆపేశారు. ఇద్దరం కలిసి పోతే లారీలు ఆగుతాయా అని నాకిప్పటికీ మండుతుంది.

హెడ్మాస్టరు గారు కుడిచేతిని తల మీదుగా పోనిచ్చి ఎడమ చెవి పట్టుకోమన్నారు. బడి ఈడు వచ్చిందో లేదో చూసే పద్ధతి అప్పట్లో అదే. నా చెయ్యి చెవిని దాటి మెడ దాకా పోయింది. చెల్లె తల పక్కకు వంచి, పళ్లు బిగించి, ఎట్లాగో చెవి కొన అందుకుంది. పుట్టిన తారీఖులు అడిగితే బాపు తల గోక్కున్నాడు.

"ఇద్దరికి ఒకటే రాయుండ్రి సార్. ఆరేండ్లని ఎయ్యుండ్రి. నాకు గూడ యాదుంటది."

బస్టాండు వెనక కిరాణం దుకాణం నడిపే మనిషి ఆయన. కందిపప్పు ధర నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. పిల్లల పుట్టినరోజులు మాత్రం గుర్తుండవు. హెడ్మాస్టరు గారికి కూడా పని తగ్గింది. అట్లా నా వయసులో ఒక ఏడాది తగ్గింది, చెల్లె వయసులో ఒక ఏడాది పెరిగింది. కాగితం మీద మేము కవలలమైపోయాం. చాలా ఏళ్ల పాటు అది ఇంటికి వచ్చినవాళ్లకు చెప్పి నవ్వుకునే ముచ్చటగానే ఉండింది.

ఎనభైల మొదట్లో మా జహీరాబాదులో నాలుగక్షరాలు వచ్చిన ప్రతివాళ్లకూ బ్యాంకు పిచ్చి పట్టింది. చుట్టుపక్కల ఊళ్లలో కొత్త కొత్త బ్రాంచీలు తెరుస్తున్నారు. మా ఊరి బ్రాంచిలో హైదరాబాదు నుంచి వచ్చిన ఒకామె గుమస్తాగా ఉండేది. కోహీర్ రైతులు, పెద్ద పెద్ద తలపాగాల వాళ్లు, ఆమె ముందు నిలబడి "మేడం, జర చూడుండ్రి" అనేవాళ్లు. ఆమె తలెత్తకుండానే "కూర్చోండి" అనేది. ఆ ఒక్క మాట కోసం నాకు ఆ కుర్చీ కావాలనిపించింది. సిగ్గెందుకు, నిజం అదే.

నాకు పుట్టుకతోనే ఒకచోట కాలు నిలవదు. దుకాణంలో కూర్చోమంటే లేచి గుమ్మంలోకి, గుమ్మం నుంచి రోడ్డు మీదికి. చెల్లె అట్లా కాదు. ప్రైవేటుగా డిగ్రీ కట్టి ఇద్దరం ఒకే ఏడాది పాసయ్యాం గానీ, చదివింది అది, దాని పక్కన కూర్చుని విన్నది నేను. పొద్దున్నే టైపు ఇన్‌స్టిట్యూట్‌కు పోయేవాళ్లం. దాని వేళ్లు మిషను మీద పరిగెత్తేవి. నావి అక్షరం అక్షరానికీ తడబడేవి. ఇంటికొచ్చాక బాపు చేతి గడియారం ముందు పెట్టుకుని లెక్కలు చేసేవాళ్లం. నేను నాలుగో లెక్కలో ఉండగానే అది పెన్ను కింద పెట్టి నా ముఖం చూసేది. ఆ చూపుకు నాకు ఒళ్లు మండేది.

బ్యాంకు గుమస్తా పరీక్షకు ఇరవై ఆరేళ్లు దాటకూడదు. రెండుసార్లు రాశాం. మొదటిసారి ఇద్దరం తప్పాం. రెండోసారి అది రాతపరీక్ష గట్టెక్కి ఇంటర్వ్యూలో పోయింది, నేను రాతలోనే పోయాను. మూడోసారికి కాగితం మీద ఇద్దరికీ ఇరవై ఆరు నిండబోతున్నాయి. అదే ఆఖరు. అసలు లెక్క చూస్తే నాకు ఇరవై ఏడు, దానికి ఇరవై ఐదు. అప్పటికి ఆ లెక్క ఎవరూ చూడలేదు.

ఆ మూడోసారి ఇద్దరం రాతపరీక్ష పాసయ్యాం. ఇంటర్వ్యూకు హైదరాబాదు పిలిచారు. దాన్ని ముందు లోపలికి పిలిచారు. నేను బయట వరండాలో కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. బయటికి రాగానే నా చెయ్యి పట్టి గోడ పక్కకు లాగింది.

"తారీఖు ఒకటే ఉందేందని అడిగిన్రక్కా. కవలలమని చెప్పిన. నువ్వు గూడ గట్లనే చెప్పు."

"అడగకపోతే?"

"అడగకపోతే నువ్వెందుకు చెప్తవే, ఊకో!"

అడిగారు. చెప్పాను. వాళ్లలో ఒక పెద్దాయన "పోలికలు లేవే" అని నవ్వారు. నేను కూడా నవ్వాను.

మూడు నెలలు పోస్టుమాన్ కోసం ఎదురుచూశాం. నేనైతే దుకాణం వదిలేసి అతనికి ఎదురు పోయేదాన్ని, అతనికి నన్ను చూస్తేనే విసుగొచ్చేది. చివరికి ఒక్క కవరే వచ్చింది. దాని మీద నా పేరుంది. చెల్లె ఆ కవరును రెండువైపులా తిప్పి చూసి, నాకిచ్చి, లోపలికి పోయి పొయ్యి మీద ఉన్న చాయ దించింది. నేను ఎగిరి గంతేశాను. దాని ముందే గంతేశాను.

నేను చేరడానికి ఇంకా పదిహేను రోజులుందనగా టైపు మాస్టారు దానికి ఒక దారి చెప్పారు. బడి రికార్డులో తారీఖు తప్పు పడితే కోర్టుకు పోయి దిద్దించుకోవచ్చట. అసలు తారీఖు రాసిపెట్టిన పాత కాగితం ఏదన్నా ఉండాలి. దిద్దితే దానికి ఇంకో ఏడాది దొరుకుతుంది, మళ్లీ పరీక్ష రాయొచ్చు. అవుతుందో కాదో ఎవరికీ తెలియదు, కానీ దారంటూ ఒకటుంది. చెల్లె అమ్మ పెట్టెంతా తిరగేసి మా తాత పంచాంగం పట్టుకొచ్చింది. అది డిగ్రీ పాసైనప్పుడు కూడా దాని ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు.

"దొరికిందక్కా! తాత రాసిండు, సూడు."

చూశాను. అట్ట లోపలి పేజీలో తాత చేతిరాతలో రెండు వరుసలున్నాయి. పై వరుసలో నా పుట్టుక, కింది వరుసలో దానిది. మధ్యలో రెండేళ్ల తేడా. ఆ పేజీ కోర్టులో పెడితే దాని వయసు తగ్గుతుంది, నా వయసు బయటపడుతుంది. ఇరవై ఏడేళ్లదాన్ని, కవలలమని నోటితో చెప్పి వచ్చినదాన్ని.

"ఆగు" అన్నాను. "నాకు ఆరు నెలల ప్రొబేషన్ ఉంటది. పర్మనెంట్ కానియ్. అప్పుడు పోదాం."

అది పేజీ వైపు చూసింది, నా వైపు చూసింది. నేనెందుకు ఆగమంటున్నానో దానికి ఒక్క నిమిషంలో అర్థమైంది. లెక్కల్లో ఎప్పుడూ నాకన్నా ముందే.

"సరే" అంది. పంచాంగం మళ్లీ పెట్టెలో పెట్టేసింది.

కొన్నాళ్లు ట్రైనింగ్ అన్నారు, తర్వాత కోహీర్ బ్రాంచిలో వేశారు. చేరాక పొద్దున్నే బస్సెక్కి, సాయంత్రం బస్సు దిగేదాన్ని. కౌంటరులో కూర్చుంటే తలుపు చప్పుడైనప్పుడల్లా ఎవరో నా కాగితాలు అడగడానికే వచ్చారనిపించేది. మేనేజరు గారు "అమ్మా" అని పిలిస్తే చేతిలో పెన్ను జారేది. ఆ కుర్చీ కోసం అంత తపించి, కూర్చున్న తర్వాత ఒక్కరోజూ వీపు ఆనించలేదు. ఆ మధ్యనే కొత్త నోటిఫికేషన్ పడింది. చెల్లె పేపరు ముక్క కత్తిరించి అలమారు మీద పెట్టుకుంది. నన్నేమీ అడగలేదు. ఆ ముక్క అక్కడుందని నాకు తెలుసు, దాని పక్క నుంచే రోజూ టిఫిను డబ్బా తీసుకునేదాన్ని. ఆఖరు తేదీ దాటిన మరునాడు అలమారు మీద అది కనిపించలేదు.

నేను పర్మనెంట్ అయిన రోజు మిఠాయి డబ్బా పట్టుకుని, ఇంటికి పోకుండా ముందు టైపు ఇన్‌స్టిట్యూట్‌కే పోయాను. అప్పటికి అది అక్కడ చిన్నపిల్లలకు టైపు నేర్పుతోంది. బయటికి పిలిచి చెప్పాను.

"ఇగ ఫికర్ లేదు. రేపే పోదాం పా. వకీలు తాన నేను గూడ నిలబడ్త."

అది మిఠాయి ముక్క తీసి నోట్లో పెట్టుకుంది. మెల్లగా నమిలి మింగింది.

"ఇప్పుడు పోయి ఏం జేస్తమక్కా? నాకు పోయిన నెల ఇరవై ఆరు నిండినయ్. తాత రాసిన లెక్క గూడ అయిపోయింది."

"అయ్యో, నాకు తోచనే లేదే" అన్నాను.

అది తలూపి లోపలికి పోయింది. మిషన్ల చప్పుడు మళ్లీ మొదలైంది. నేను డబ్బా పట్టుకుని రోడ్డు మీద నిలబడిపోయాను. దానితో ఆ రోజు అబద్ధమే చెప్పాను. పంచాంగం నా చేతికిచ్చిన రోజే, ఆగు అనే ముందు, వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకున్నాను.