శాంపిల్ మామయ్య, దొర కాళ్ళు

ఏ వస్తువైనా సరే, ముందు తన ఒంటి మీద ప్రయోగించి చూడనిదే ఇంట్లోకి రానివ్వకపోవడం మామయ్య జబ్బు. గొడుగు కొంటే షవర్ కింద అరగంట నిలబడి, అది పాసయ్యాకే బయటి వానకు చూపిస్తారు. పరుపు కొనడానికి వెళ్ళి దుకాణంలోనే ముసుగుతన్ని పడుకున్నారు. యజమాని వచ్చి లేపితే, "ఉండవయ్యా, ఇంకా ఎడమవైపు తిరగలేదు" అన్నారు. రంగుల ఫ్యాక్టరీలో నాణ్యత చూసే గదిలో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి. "గరుకు గోడకు వేసే రంగును నున్నటి పలక మీద పరీక్షిస్తే ఏం లాభం?" అని పై అధికారులతో రోజూ తగువు పడేవారట. బంధువులంతా ఆయన్ని శాంపిల్ మామయ్య అంటారు. కోడలు మాత్రం ఎదుట మామయ్యా అని పిలిచి, శాంపిల్ అన్నది మనసులో అనుకుంటుంది.

కోడలికి జుట్టుకు రంగులు వేసే పార్లర్‌లో పని. సాయంత్రం ఆమె ఇల్లు చేరే వేళకు మామయ్య కుక్కను షికారు తిప్పి తెస్తారు. కుక్క పేరు దొర. పేరుకు తగ్గట్టే గుమ్మంలో నిలబడి ఒక్కో కాలూ చాచి తుడిపించుకుంటాడు. మామయ్య మోకాళ్ళు వంగవు, భర్తకు రెండో షిఫ్టు, కాబట్టి ఆ నాలుగు కాళ్ళ సేవ కోడలిదే. పోనీ గ్లౌజులు తొడుక్కుందామా అంటే, వాటిని చూడగానే దొరకు డాక్టరు సూది గుర్తొచ్చి సోఫా కింద దూరిపోతాడు.

వానలు మొదలయ్యాయి. ఒక సాయంత్రం సబ్బునీళ్ళతో బురద కాళ్ళు తుడిచి లేస్తూ కోడలు అనేసింది. "మామయ్యా, నేలంతా పాడవుతోంది. నెలాఖరులోగా వీడి కాళ్ళు తుడవడానికి సరైనదేదో దొరక్కపోతే వదినగారింటికి పంపేద్దాం. వాళ్ళకు పెరడుంది."

దొర పడుకునేది మామయ్య మంచం కిందే. ఆయన ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నెలాఖరంటే పద్దెనిమిది రోజులు. చాలమ్మా" అన్నారు.

మర్నాటి నుంచి దొరతోపాటు ఆయనా చెప్పుల్లేకుండా పార్కుకు బయలుదేరారు.

"చెప్పులెవరైనా కొట్టేశారా అయ్యగారూ?" అన్నాడు వాచ్‌మన్.

"లేదయ్యా, డ్యూటీలో ఉన్నా" అని, దొర దిగిన గుంటలోనే తానూ దిగారు.

కుక్కల సామాన్ల దుకాణందారు నురుగు సీసా ఒకటి చేతికిచ్చాడు. మామయ్య మూత తీసి చుక్క నాలిక మీద వేసుకున్నారు.

"అయ్యో, అది కుక్క కాళ్ళకండీ!"

"కుక్క తన కాళ్ళు నాక్కోదూ? నువ్వు నాకి చూశావా?"

"నేనెందుకు నాకుతానండీ!"

"మరి ఏం తెలిసి అమ్ముతున్నావు?"

ఆ రోజు నుంచి ఆయన్ని చూడగానే దుకాణందారు మంచినీళ్ళు సిద్ధంగా పెట్టేవాడు.

తర్వాత ఒక కప్పు వచ్చింది. లోపలంతా మెత్తటి కుచ్చులు, నీళ్ళు పోసి కుక్క కాలు అందులో పెట్టి తిప్పితే బురద వదులుతుంది. మామయ్య పాదం పట్టలేదు. బొటనవేలూ దాని పక్కదీ దూర్చారు. దూరాయి గాని, బయటికి రాలేదు. కోడలు కప్పునూ దొర ఆయన ప్యాంటు అంచునూ పట్టుకుని చెరోవైపు లాగితే గాని విడుదల కాలేదు.

"బురద బాగానే పోయింది. కానీ ఫెయిల్" అన్నారు ఆయాసపడుతూ.

"దొరకు నచ్చిందిగా మామయ్యా?"

"నచ్చింది. అయినా ఫెయిల్."

అన్నిటికంటే వింత, ఆ వారమే ఆయన గిన్నెలు తోమే పని తలకెత్తుకోవడం. అదీ ఇంట్లో ఉన్నవాటిలో అతి ఘాటైన పొడితో, రోజుకు మూడుసార్లు. తోమిన గిన్నెలనే మళ్ళీ తోమేవారు.

"మీకేమైనా పిచ్చా మామయ్యా? చేతులు చూడండి, పొలుసులు లేచిపోతున్నాయి!"

"ప్రయోగం మధ్యలో ఆపకూడదమ్మా."

"గిన్నెలకూ దొర కాళ్ళకూ సంబంధం ఏమిటి?"

"తర్వాత చెప్తా" అని ఇంకో గిన్నె అందుకున్నారు. వయసు మీదపడుతోంది కాబోలని కోడలు బెంగపెట్టుకుంది.

పదిహేడు రోజుల్లో పది వస్తువులు ఫెయిలయ్యాయి. పద్దెనిమిదో రోజు మామయ్య, దొర పార్కు నుంచి రాకముందే ఇల్లు చేరిన కోడలు వదినగారికి ఫోన్ చేద్దామని కూర్చుంది. నిజానికి నేలకేమీ కాలేదు. పార్లర్ రంగులకు ఆమె వేళ్ళ సందులు పగిలి, ఏ సబ్బు తగిలినా భగ్గుమంటున్నాయి. చెబితే ఇష్టమైన పని మానేయమంటారని దాచింది. దొరంటే ఆమెకూ ప్రాణమే, అందుకే నంబరు నొక్కడానికి చెయ్యి రాలేదు. గుమ్మం పక్కన మామయ్య పరీక్షల ఫలితాలు రాసుకునే నోటుపుస్తకం కనిపిస్తే, ఆ రుచులేవో చదివి కాస్త నవ్వుకుందామని తెరిచింది.

ప్రతి పేజీలోనూ రెండు గడులు. ఒకటి దొర, రెండోది కోడలు.

"నిమ్మవాసన వెట్ వైప్స్. దొర: పాస్. కోడలు: ఇరవై నిమిషాలు మంట. ఫెయిల్."

"నురుగు. రుచి ఘోరం. దొర: పాస్. కోడలు: పగుళ్ళలో చురుక్కుమంది. ఫెయిల్."

"కప్పు. దొర: పాస్. కోడలు: కుచ్చులు కడగడానికి సబ్బు తప్పదు, మంట. ఫెయిల్."

దొర ఒక్కదాంట్లోనూ తప్పలేదు. తప్పినవన్నీ కోడలి గడిలోనే తప్పాయి. ఆమె మొదటి పేజీకి తిప్పింది.

"కోడలి చేతులు పగిలాయి. చెప్పడం లేదు. దొర కాళ్ళు తుడిచాక చన్నీళ్ళ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు నిలబడుతోంది. పరీక్షకు నా చేతులు పనికిరావు, మరీ నున్నగా ఉన్నాయి. ముందు పాడు చేసుకోవాలి."

కోడలికి ఇన్నాళ్ళూ మనసులో శాంపిల్ అని నవ్వుకున్నందుకు సిగ్గేసింది. ఫోన్ తీసి అవతల పెట్టింది.

అంతలో తలుపు తెరుచుకుని ఆరు బురద కాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడ్డాయి. మామయ్య చేతిలో తెల్ల సీసా ఉంది.

"పదకొండోదమ్మా. వాసన లేదు, రుచి లేదు. ఈసారి దుకాణందారు కూడా నాకి చూశాడు."

కోడలు కింద కూర్చుని, సీసాలోదానితో గుడ్డ తడిపి, దొర ముందరి కాలు అందుకుంది. మామయ్య ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తూ నిలబడ్డారు. నాలుగు కాళ్ళూ అయ్యాయి. ఎక్కడా మంట లేదు.

"నేల ఎలా ఉందమ్మా?" అన్నారు ఫ్యానును చూస్తూనే.

"నేల బాగుంది మామయ్యా. దొర ఎక్కడికీ వెళ్ళడు. నేను మాత్రం రేపు డాక్టరు దగ్గరికి వెళ్తున్నా, చేతులు చూపించుకోవడానికి."

మర్నాడు ఆమె డాక్టరు దగ్గర్నుంచి చేతుల పగుళ్ళకు పూతమందు రెండు డబ్బాలు తెచ్చింది. నోటుపుస్తకం తెరిచి, దొర, కోడలు పక్కన మూడో గడి గీసి 'మామయ్య' అని రాసింది. ఆయన పొలుసులు లేచిన చెయ్యి చాచారు.

"ఉండండి, అంత తొందరేమిటి?" అని ఆమె మూత తీసి, వేలి కొసన ఆవగింజంత తీసి నాలిక మీద పెట్టుకుంది. ముఖం వంకరలు పోయింది. "అబ్బా, చేదు మామయ్యా!"

"అయితే దొర నాకడు. పాస్" అన్నారు మామయ్య, రెండో చెయ్యి కూడా చాస్తూ.