గోదాము గోడ మీద మూసిన కిటికీ

చొక్కాలకు గుండీలు కుట్టే ఆవిడను వీధిలో అంతా గుండీలమ్మ అంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఎప్పుడో మరుగున పడింది. దర్జీ పంపిన మూట విప్పడం, అత్తగారి పక్క దుప్పట్లు మార్చడం, మళ్లీ మూట విప్పడం. తెల్లారితే ఇదే బతుకు. అత్తగారు మంచం పట్టి ఏళ్లు గడిచాయి. కాళ్లూ చేతులూ పడిపోయాయి గానీ, నోటికి మాత్రం ఏ రోగమూ రాలేదు.

వాళ్లుండేది పాతకాలపు మేడ. కమాను కిటికీలు, చెక్కిన కొయ్య స్తంభాలు. చినుకు పడితే కారే ఇల్లే, అయినా ఊరికి గర్వకారణమట! ఊళ్లోని పాత కట్టడాలన్నిటినీ బడిపిల్లల చేత గోడల మీద వేయిస్తూ, ఎదురుగా ఉన్న గోదాము గోడకు ఈ మేడను ఎంచుకున్నారు. అత్తగారి మంచం కిటికీ పక్కనే. మెట్లు దిగే యోగం లేని మనిషికి తన ఇంటి ముఖం చూసుకునే భాగ్యం ఇన్నాళ్లకు పట్టింది. పిల్లలు రంగులు వేసినన్నాళ్లూ ఆవిడకు తిండి ధ్యాసే లేదు.

బొమ్మ పూర్తయిన రోజు పొద్దున్నే కేకేసింది.

"ఏమేవ్! అన్ని కిటికీలూ తెరిచి నాదొక్కటే మూశారేంటే? నేను పోయాననుకున్నారా?"

కోడలు తొంగి చూసింది. నిజమే. పిల్లలు వీధిలో కూర్చుని మేడను గీసుకున్న పూట, ముసలావిడ పక్క తడిపితే బట్టలు మారుస్తూ తనే ఆ తలుపులు మూసింది.

"బొమ్మే కదత్తయ్యా, వదిలేయండి."

ముసలావిడ ముఖం తిప్పుకుంది. మధ్యాహ్నం ముద్ద ముట్టలేదు. తిట్లయితే కోడలికి అలవాటే, ఈ మౌనమే భరించలేకపోయింది. సాయంత్రం ఎవరో పెద్దమనిషి వచ్చి బొమ్మను ఆవిష్కరిస్తాడు. ఆలోపే ఏదో ఒకటి చేయాలి. కాళ్లీడ్చుకుంటూ కిందికి దిగింది.

"మాస్టారూ, ఆ కిటికీ కాస్త తెరిపించండి."

డ్రాయింగు మాస్టారికీ ఓపిక లేదు. ఎండలో పిల్లల మీద అరిచి అరిచి గొంతు పోయింది.

"పిల్లలు చూసిందే వేశారమ్మా. ఇప్పుడు ముట్టుకుంటే సాయంత్రానికి ఆరదు."

"చూసిందే వేశారు, కాదనను. మా అత్తగారికి బట్టలు మారుస్తూ నేనే మూశాను. నడివీధిలో ఈ మాట నాచేత చెప్పించారు కదా! ఆవిడకి లోకమంటే ఆ కిటికీయే మాస్టారూ. అదీ మూసేస్తారా?"

నిచ్చెన మీదున్న పిల్ల మాస్టారి వంక చూసింది.

"కానీయ్ తల్లీ," అన్నాడాయన.

కాసేపటికి గోడ మీద కిటికీ తెరుచుకుంది. లోపల ఒక తెల్లజుట్టు తల కూడా వచ్చింది. ముసలావిడ కళ్లు చికిలించి చాలాసేపు చూసింది.

కోడలు మళ్లీ మూట ముందేసుకుని సూదిలో దారం ఎక్కిస్తోంది. "ఇప్పుడు సంతోషమేనా?" అంది.

"నా సంగతి సరే. మరి నువ్వెక్కడే?"

"నేనెక్కడుంటానూ? లోపల పనిలో ఉంటాను."

"ఆ పిల్లని పిలువు. నా మంచం పక్కనే నిన్నూ కూర్చోబెట్టమను. బొమ్మలోనైనా కాసేపు ఊరికే కూర్చుందువుగాని."

కోడలు సూది పక్కన పెట్టి కిటికీ దగ్గరికి వెళ్లింది. నిచ్చెన దిగుతున్న పిల్లను చెయ్యూపి పిలిచింది.